మాటలకీ చుట్టరికాలుంటాయి

అమెరికా చదువుకి సిద్ధమయ్యే పిల్లలున్న ఇల్లు చూడగానే తెలిసిపోతుంది. అద్దం పక్కన ఇంగ్లీషు మాటలు, బీరువా తలుపు మీద ఇంగ్లీషు మాటలు. అన్నం ముందు కూర్చుని పెదాలు కదుపుతూంటే, పిల్ల జపం చేస్తోందా, జ్వరం వచ్చిందా అని తల్లికి బెంగ!

ఈ జి.ఆర్.ఇ. పరీక్ష 1936లో పుట్టింది. కార్నెగీ ఫౌండేషన్ వారు హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, కొలంబియా విశ్వవిద్యాలయాలతో కలిసి మొదలుపెట్టారు. తర్వాత అది 1947లో ఏర్పడిన ఇ.టి.ఎస్. సంస్థ చేతికి వచ్చింది. ఒక మాట ఇచ్చి, దానికి వ్యతిరేకమైనదేదో చెప్పమనేవారు చాలాకాలం. దాంతో బారన్స్ పుస్తకంలోని మూడున్నర వేల మాటలూ మన పిల్లలకి నిత్యపారాయణమయ్యాయి. అదీ అకారాది క్రమంలో! 'ఎమ్' దగ్గరకి చేరేసరికి పాపం 'ఎ' ఆవిరైపోయేది.

బట్టీ పట్టడం మనకి కొత్తా? అమరకోశం వల్లె వేసిన ఇళ్ళు ఎన్ని లేవు! అయితే అమరసింహుడు మాటల్ని అక్షరాల వరసలో పేర్చలేదు. స్వర్గం, ఆకాశం, దిక్కులు, కాలం. ఆ తర్వాత భూమి, ఊరు, కొండ, చెట్టు, మృగం, మనిషి. ఇలా అర్థాన్ని బట్టి గుంపులు కట్టి, శ్లోకాల్లో ఇమిడ్చాడు. ఒక మాట గుర్తొస్తే దాని చుట్టాలన్నీ వెంట వస్తాయి.

ఇంగ్లీషులో ఈ పద్ధతికి పేరు తెచ్చినవాడు పీటర్ మార్క్ రోజె అనే డాక్టరు. ఆయన థెసారస్ 1852లో వెలువడింది. ముందుమాటలో అమరకోశాన్నీ, 1808లో శ్రీరాంపూర్‌లో అచ్చయిన కోల్‌బ్రూక్ ఇంగ్లీషు అనువాదాన్నీ ప్రస్తావించాడు. అమరకోశంలో వర్గీకరణ గందరగోళంగా ఉందని కూడా అన్నాడండోయ్! మన అమ్మమ్మలు విని ఉంటే ఊరుకునేవారా?

చివరికి పరీక్ష పెట్టేవారే దారి మార్చారు. 2011 ఆగస్టులో వ్యతిరేక పదాల ప్రశ్నలు తీసేశారు. వాక్యంలో ఖాళీ చూపించి, అక్కడ ఒదిగే మాటేదో చెప్పమన్నారు. మాట విలువ దాని పొరుగుని బట్టేనని ఒప్పుకున్నట్టే కదా!

ఇప్పుడు చాలా విశ్వవిద్యాలయాలు ఈ పరీక్ష అడగడం లేదు. అడిగేచోట మాత్రం అప్పు చేసి కట్టిన ఫీజూ, పిల్లల నిద్రలేని రాత్రులూ దీనికే ముడిపడి ఉంటాయి. అందుకే తల్లులకో మాట. మీకు ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు. అమ్మాయి "లొక్వేషస్" అంటే, "దాని చుట్టాలెవరే? పగవాళ్ళెవరే?" అని అడగండి. వాగుడుకాయ లొక్వేషస్ పక్కన, అక్కరలేని కబుర్లతో ప్రాణం తీసే గారులస్ వచ్చి కూర్చుంటుంది. ఎదురింట్లో నోరు విప్పని టాసిటర్న్, మనసులో మాట దాచుకునే రెటిసెంట్.

ఇలాంటివాళ్ళు మన వీధిలోనూ ఉన్నారుగా! ఒక్కో మాటకీ ఒక్కో మనిషిని చూపించండి. పరీక్ష అయిపోయినా ఆ మాట మరిచిపోదు.