78 రోజుల లెక్క

పని చేస్తేనే ప్రభుత్వ బీమా అనడం అమెరికా వాళ్ల గొడవ అని, మన ఆరోగ్య బీమా కథ 2007లో ఆరోగ్యశ్రీతో మొదలైందని చెప్పుకోవడం అలవాటైపోయింది. ఆరోగ్యశ్రీ తెల్లకార్డు అడిగింది గానీ పని అడగలేదు, నిజమే. కానీ దానికి దాదాపు అరవై ఏళ్ల ముందే, 1948 నాటి ఈఎస్ఐ (కార్మిక రాజ్య బీమా) చట్టంతో, పని చేసిన కాలాన్ని లెక్కపెట్టడం మనకు వచ్చేసింది. 1952లో కాన్పూరు, ఢిల్లీల్లో మొదలైన ఆ పథకం హైదరాబాదు సనత్‌నగర్ ఫ్యాక్టరీల దాకా రావడం తెలిసిన సంగతే.

నా పేచీ కొత్తగూడ దగ్గర. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక ఈ చుట్టుపక్కల అద్దాల భవనాలు లేచాయి. వాటిని తుడిచేవాళ్లు, గేటు కాసేవాళ్లు చాలావరకు ఏజెన్సీ మనుషులు. వీళ్లకు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు లోపు 78 రోజుల ఈఎస్ఐ చందా పడితేనే, వచ్చే జనవరి నుంచి జూన్ దాకా జబ్బుతో మానేసిన రోజులకు 70 శాతం జీతం. 77 పడితే లేదు. మామూలు వైద్యం చేరిన రోజు నుంచే ఉంది కదా అంటారు. ఉంది, కానీ మంచాన పడ్డవాడికి మందులతో పాటు గది అద్దె కూడా కట్టాలి. ఏజెన్సీ మారినా ఈఎస్ఐ నంబరు పాతదే కొనసాగాలి. కొత్తది తీశారా, రెండు చోట్ల చేసిన రోజులు ఒకచోట కలవవు. యూనిఫాం మారింది, తుడిచే ఫ్లోరు మాత్రం అదే.

అమెరికాలోని అర్కన్సా రాష్ట్రంలోనూ లెక్క ఇలాగే దెబ్బ తీసింది. 2018లో నెలకు 80 గంటల పని చూపమంటే కొద్ది నెలల్లోనే 18,000 మందికి పైగా ప్రభుత్వ బీమా పోయింది. ఉద్యోగాలు పెరగలేదని తర్వాతి పరిశీలనలు తేల్చాయి.

ఈఎస్ఐకి పై కొసనా చిక్కే. నెలకు 21,000 రూపాయల జీతం గీత 2017 జనవరి నాటిది. అది దాటితే ఆ చందా కాలం అయ్యాక బయటికే.

ఇప్పుడు డెలివరీ కుర్రాళ్ల వంతు. సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. దాని ముసాయిదా నిబంధనలు ఏడాదిలో ఒకే సంస్థకు 90 రోజులు, పలు సంస్థలకైతే 120 రోజులు పని చేస్తేనే సాయం అన్నాయి. ఎంత సంపాదించినా ఆ రోజు లెక్కకొస్తుంది. ఈఎస్ఐ కన్నా ఇది ఉదారమే. అయితే ఆ లెక్క ఉండేది యాప్‌లో. ఐడీ బ్లాక్ అయినవాడు దేన్ని చూపిస్తాడు? ఆసుపత్రిలో గడిపిన రోజులను పనిదినాల్లో కలపకుండా, లెక్క నకలు కార్మికుడి చేతికివ్వకుండా ఈ షరతు పెట్టడం తప్పు.