గాదె, గోదాము, సైలో: మన గింజను ఎక్కడ దాచుకుందాం?



మన చరిత్ర అంటే తిరుగుబాట్లు, వీరుల పేర్లు, చట్టాల నంబర్లు మాత్రమే కాదు. పండిన గింజను మన పెద్దలు ఎక్కడ దాచారు, దాచుకోలేని రోజుల్లో ఏం పోగొట్టుకున్నారు అన్నది కూడా చరిత్రే. ఇప్పుడు మన ఏజెన్సీలో రైతు సంఘాలు వస్తున్నాయి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక సామలకు, కొర్రలకు, చోళ్లకు పట్నంలో గిరాకీ పెరిగింది. ఊరికి గోదాము షెడ్డు కట్టుకోవాలా, ఇనుప సైలో పెట్టుకోవాలా అన్న మాట రేపు గ్రామసభలో వస్తే జవాబు చెప్పవలసింది చదువుకున్న మీరే. ముందు మన గాదె సంగతి తెలుసుకుందాం.

వెదురుతో అల్లిన సైలో

గింజను బస్తాకెత్తకుండా విడిగా పోసి, మూసి ఉంచే నిలువు కట్టడమే సైలో. అలా చూస్తే మన గాదె సైలోనే. వెదురు బద్దలతో పెద్ద బుట్టలా అల్లి, లోపలా బయటా మట్టి, పేడ కలిపి మెత్తేవారు. నేల చెమ్మ తగలకుండా రాళ్ల మీదో దుంగల మీదో నిలబెట్టేవారు. పైన గడ్డి కప్పు. మట్టిపూత పగటి వేడిని, రాత్రి చలిని గింజ దాకా తొందరగా పోనివ్వదు.

తిండిగింజకు గాదె అయితే విత్తనానికి వేరే చోటు. ఎండిన ఆనపకాయ బుర్రల్లో బూడిద కలిపి దాచేవారు. మొక్కజొన్న కండెలను పొయ్యి పైన దూలానికి కట్టేవారు. ఆ పొగకు పురుగు చేరదు. చోళ్లు, సామలు సన్నని గింజలు కావడంతో బాగా ఎండబెడితే ఏళ్ల తరబడి నిలవ ఉంటాయి. ఒక ఏడు వాన తప్పినా పాత చోళ్లతో అంబలి కాచుకునేవారు.

అయితే గాదెకూ లోపాలున్నాయి. ఎలుక, చెద, నిప్పు దానికి శత్రువులు. "గాదె కింద పందికొక్కు" అన్న సామెత ఊరికే పుట్టలేదు.

గాదె ఖాళీ అయిన రోజులు

ఎలుక కంటే ఎక్కువగా గాదెను ఖాళీ చేసింది అప్పు. పంట చేతికొచ్చే నెలలో గింజ ధర తక్కువ. వానలు ముదిరేసరికి ఇంట్లో గింజ ఉండదు, సంతలో ధర ఎక్కువ. ఆ నెలల్లో మామిడి టెంక పిండితో అంబలి కాచుకుని బతికిన ఇళ్లు మన ఏజెన్సీలో ఎన్నో. అప్పుడు షావుకారు దగ్గర తెచ్చుకున్న గింజకు పంట రాగానే ఎక్కువ కొలిచి ఇవ్వాలి. కళ్లంలోంచే గింజ వెళ్లిపోతుంటే గాదె నిండేదెప్పుడు?

1879 రంప తిరుగుబాటుకు మన్సబుదారు పన్నులు, కల్లు మీద ఆంక్షలతో పాటు పల్లపు వర్తకుల అప్పు పత్రాలు, కోర్టు జప్తులు కూడా కారణమే. తర్వాత 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదలాయింపు చట్టం తెచ్చింది. కొండ జాతులవారికిచ్చిన అప్పుపై ఏడాదికి 24 శాతం మించి వడ్డీ తీసుకోకూడదని, మొత్తం వడ్డీ అసలును దాటకూడదని అందులో ఉంది. 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ, అంటే మన జీసీసీ వచ్చింది. అటవీ ఫలసాయం కొని, సరుకులు అమ్మే డిపోలు తెరిచింది. 1996-97లో కేంద్రం గిరిజన గ్రామాలకు ధాన్య బ్యాంకుల పథకం తెచ్చింది. కరువు నెలల్లో గింజ తీసుకుని, పంట వచ్చాక తిరిగి పోయడం దాని పద్ధతి.

1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం ఆకలిని తగ్గించింది. ఆ మేలు మరవకూడదు. అదే సమయంలో సామ, కొర్ర తినే అలవాటు తగ్గింది. దానితో పాటు గాదె అల్లే చేతులూ తగ్గాయి.

ప్రభుత్వాలు కట్టిన కొట్లు

1770 బెంగాల్ కరువు తర్వాత ఈస్టిండియా కంపెనీ పాట్నాలో గోల్‌ఘర్ అనే పెద్ద గుమ్మటం కట్టించింది. కెప్టెన్ జాన్ గార్స్టిన్ 1786లో దాన్ని పూర్తిచేశాడు. ఎత్తు దాదాపు 29 మీటర్లు. మెట్లెక్కి పైనుంచి గింజ పోయాలి. అది ఏనాడూ పూర్తిగా నిండలేదు. ఊళ్లో గింజ మిగలకుండా పట్నంలో గుమ్మటం కట్టినంత మాత్రాన కరువు ఆగదు.

స్వాతంత్ర్యం తర్వాత 1957లో కేంద్ర గిడ్డంగుల సంస్థ, 1965లో భారత ఆహార సంస్థ వచ్చాయి. బస్తాలు పేర్చే గోదాములు దేశమంతా పెరిగాయి. తర్వాత పంజాబ్‌లోని మోగా, హర్యానాలోని కైతల్‌లో ఒక్కోచోట 2 లక్షల టన్నుల గోధుమలు పట్టే ఉక్కు సైలోలు కట్టారు. అక్కడ వేల ఎకరాల్లో ఒకే పంట. లారీలో విడిగా తెచ్చిన గోధుమను యంత్రాలు పైకెత్తి పోస్తాయి.

మరి మన ఊరికి ఏది?

మేము హాస్టళ్లలో పనిచేసేవాళ్లం. బియ్యం బస్తాలతోనే మా రోజు మొదలవుతుంది. షెడ్డు మంచిచెడ్డలు మాకు స్టోర్ రూమే నేర్పింది. బస్తాలను చెక్కల మీద పెట్టాలి. గోడకు ఆనించకూడదు. ముందొచ్చిన బస్తాను ముందు వాడాలి. షెడ్డులో ఉన్న సుఖం ఏమిటంటే సామలు ఒక మూల, రాజ్మా ఒక మూల, పిప్పళ్లు ఇంకో మూల పెట్టుకోవచ్చు. ఎవరి బస్తా మీద వారి పేరు రాసుకోవచ్చు. పాడైతే కంటికి కనిపిస్తుంది. కానీ గోనెసంచిని ఎలుక కొరుకుతుంది, పురుగు తొలుస్తుంది.

సైలోలోకి ఎలుక రాదు. గాలి ఆడకుండా మూస్తే పురుగుకు ఊపిరి అందదు. కానీ పెద్ద సైలోకు ఒకే రకం గింజ టన్నుల కొద్దీ కావాలి. గాలి పంపే ఫ్యాన్లకు కరెంటు పోకూడదు. పది కుటుంబాలు పది రకాలు పండించే మన కొండ ఊళ్లకు అది సరిపోదు. ఇంకో సంగతి. లంబసింగి, పాడేరు వైపు చలి మీకు తెలుసు. ఆరుబయట పెట్టిన రేకు పగలు వేడెక్కి, రాత్రి చల్లబడితే లోపల పైభాగాన చెమ్మ పడుతుంది. పై గింజ బూజు పడుతుంది.

అందుకే మేము చెప్పేది ఇది. తిండిగింజకు, విత్తనానికి ఇంట్లో చిన్న గాదె గానీ, మూత గట్టిగా పడే రేకు డబ్బా గానీ ఉండాలి. డబ్బాను ఇంటి లోపల నీడలో, చెక్క మీద పెట్టాలి. అమ్మే గింజకు ఊరుమ్మడి షెడ్డు కట్టుకోవాలి. దాని లెక్కల పుస్తకం, తాళంచెవి ఊరి సంఘం దగ్గరే, అందులోనూ ఆడవాళ్ల దగ్గర ఉండాలి. పంట నెలలో షావుకారు చెప్పిన ధరకు "ఇప్పుడు అమ్మం" అనగలిగిన రోజే మనకు కొట్టు ఉన్నట్టు.

ఏది కట్టినా ముందు గింజ ఎండాలి. వడ్లలో తేమ 14 శాతం, చిరుధాన్యాల్లో 12 శాతం దాటకూడదు. యంత్రం లేకపోతే పొడి గాజు సీసాలో పొడి ఉప్పు, గింజ వేసి బాగా ఊపండి. ఉప్పు గాజుకు అంటుకుంటే ఇంకా ఎండబెట్టాలి.

ఈ సెలవులకు ఊరెళ్లినప్పుడు ఒక పని చేయండి. మీ ఊళ్లో ఎన్ని గాదెలు మిగిలాయో లెక్కపెట్టండి. అల్లడం తెలిసిన తాతలు, మెత్తడం తెలిసిన అవ్వలు ఎవరో అడిగి రాసుకోండి. ఏ ఇంట్లో ఏ పాత విత్తనం ఉందో కూడా రాయండి. గ్రామసభలో గోదాము మాట వచ్చిన రోజు ఆ నోటు పుస్తకం మీ చేతిలో ఉండాలి.

జై ఆదివాసీ!