బార్బడోసు పెనుతుపాను: గాలి తిరుగుడు తెలిసిన కథ

తుపాను గాలి ఏ దిక్కునుండి వీస్తే తుపాను కూడ ఆ దిక్కుననే ఉన్నదని మనము సామాన్యముగా అనుకుంటాము. తూర్పుగాలి వీస్తే తుపాను తూర్పున, పడమటిగాలి వీస్తే పడమట. రెండు వందల ఏండ్ల క్రిందట సముద్రములన్నీ తిరిగి ఆరితేరిన నావికులలో కూడ చాలమంది ఇట్లే భావించేవారు. ఈ భావము తప్పని తేలేలోపల ఎన్నో ఓడలు మునిగినవి, ఎన్నో ఊళ్ళు కూలినవి. ఆ సత్యము తెలిసిన కథలో ముఖ్యమైన ఘట్టము కరిబియన్ ప్రాంతములోని ఒక చిన్న ద్వీపములో జరిగినది.

ఆ ద్వీపము పేరు బార్బడోసు. పొడవు 21 మైళ్ళు, వెడల్పు 14 మైళ్ళు. వెస్టిండీసు ద్వీపములలో అన్నిటికన్న తూర్పున, అట్లాంటిక్ మహాసముద్రములో ఒంటరిగా నిలిచి ఉన్నది. ఆ సముద్రపు వెచ్చని నీటిమీద బలము పుంజుకొని పడమటికి సాగే తుపానులకు ఇది వాకిలి వంటిది. అక్కడి ఆదివాసులైన టైనోల భాషలోని మాటనుండి యూరపువారు ఈ తుపానులకు 'హరికేన్' అని పేరు పెట్టుకొన్నారు. 1780 అక్టోబరులో వచ్చిన హరికేను ఒక్క బార్బడోసులోనే 4,000 మందికి పైగా ప్రాణములు తీసినది. చుట్టుపట్ల ద్వీపములన్నిటిలో కలిపి మృతులు సుమారు 22,000 మంది. అట్లాంటిక్ తుపానులలో ఇంతకన్న ఎక్కువ మందిని బలిగొన్నది మరొకటి లేదు.

1831 ఆగస్టు 10

యాభై ఏండ్లు గడిచినవి. 1780 నాటి సంగతి ముసలివారి నోట కథగా మిగిలినది. 1831 ఆగస్టు 10వ తేదీ సాయంత్రము ఏడు గంటలకు ఆకాశము నిర్మలముగా ఉన్నది, గాలి కదలడము లేదు. రాత్రి తొమ్మిది దాటిన తరువాత ఉత్తరమునుండి గాలి లేచినది. అర్ధరాత్రికి అది ఉత్తరము, ఈశాన్యముల నుండి విరుచుకుపడుతున్నది. ఎడతెగని మెరుపులతో ఆకాశము మండిపోతున్నది. మరికొంత సేపటికి గాలి వాయవ్యమునకు తిరిగినది. తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతమున కొద్దిసేపు తగ్గినట్లే తగ్గి, మెరుపులు కూడ ఆగిపోయి, కటికచీకటి కమ్మినది. ఆ వెనుక నైఋతి వైపునుండి మళ్ళీ మొదలయినది. ఉత్తరపు దెబ్బకు నిలిచిన గోడలు ఈ దెబ్బకు కూలినవి.

తెల్లవారి చూస్తే పచ్చదనము లేదు. నేలమీద నిప్పు ప్రాకినట్లు పైరులు మాడిపోయినవి. నిలిచిన కొద్ది చెట్లకు ఆకుగాని కొమ్మగాని లేదు. ముఖ్యపట్టణమైన బ్రిడ్జ్‌టౌన్ చాలవరకు శిథిలమయినది. సముద్రపు తుంపరను గాలి లోపలికి మోసుకొనిపోయినందున ఊరి చెరువుల నీరు ఉప్పనయి, అందులోని మంచినీటి చేపలు చచ్చినవి. 1,500 మందికి పైగా మరణించారు.

అప్పుడు ఆ ద్వీపము ఆంగ్లేయుల వలస. లక్ష జనాభాలో దాదాపు 80,000 మంది చెరకు తోటలలో పనిచేసే బానిసలు, ఆఫ్రికా సంతతివారు. పూరి గుడిసెలలో ఉండే వీరికి గాలినుండి దాగడానికి గట్టి గోడలు లేవు. తుపాను వెళ్ళిన తరువాత శిథిలములు తీసి, తిరిగి కట్టే చాకిరీ కూడ ముఖ్యముగా వీరి చేతులదే. బానిసత్వమును రద్దుచేసే చట్టము అమలులోనికి వచ్చినది 1834 ఆగస్టులో. తుపాను అందరినీ సమానముగా కొడుతుందనే మాట ఎంత నిజమో విద్యార్థులు దీనినిబట్టి ఆలోచించవలెను.

ఇంజనీరు వేసిన ప్రశ్న

కూలిన ప్రభుత్వ భవనములను తిరిగి కట్టించడానికి విలియమ్ రీడ్ అనే సైనిక ఇంజనీరును బ్రిటిష్ ప్రభుత్వము బార్బడోసుకు పంపినది. ఆయన రెండున్నర ఏండ్ల పాటు అక్కడ ఉన్నాడు. చుట్టూ ఉన్న విధ్వంసమును చూచి, దీనికి కారణమేమి, దీని నడక ఎట్టిది అని తెలుసుకోగోరాడు. ఉత్తరమున మొదలైన గాలి ఒకే రాత్రిలో నైఋతికి ఎట్లు తిరిగినది? పాత తుపానుల వర్ణనలు వెదికి చదివాడు. వాటిలో గాలివేగమును గూర్చిన ఆశ్చర్యమే ఉన్నది గాని ఈ ప్రశ్నకు జవాబు లేదు.

జవాబుకు దారి అమెరికాలో దొరికినది. జీనులు కుట్టే వృత్తి నేర్చిన విలియమ్ రెడ్‌ఫీల్డ్ 1821 సెప్టెంబరులో ఒక తుపాను వెళ్ళిన తరువాత కనెక్టికట్ ప్రాంతములో కాలినడకన పోతూ, పడిన చెట్లను గమనించాడు. ఒకచోట చెట్ల తలలు వాయవ్యమునకు పడి ఉన్నవి. మరికొంత దూరము పోతే సరిగా ఎదురు దిక్కునకు పడి ఉన్నవి. ఒకే తుపానులో రెండు ఎదురు గాలులు! తుపాను ఒక పెద్ద సుడి అయితేనే ఇది సాధ్యమని ఆయన గ్రహించి, 1831లో ప్రకటించాడు.

రీడ్ ఈ ఊహను పరీక్షకు పెట్టాడు. ఓడల దినచర్య పుస్తకములలో ఏ గంటకు గాలి ఏ దిక్కునుండి వీచినదో వ్రాసి ఉంటుంది. అటువంటివి సేకరించి, ఓడలున్న స్థానములను పటముమీద గుర్తించి, ఒక్కొక్కచోట గాలి దిక్కును బాణముగా గీస్తే, బాణములన్నీ కలిసి వలయమయినవి. ఉత్తరార్ధగోళములో ఈ వలయము గడియారపు ముల్లుకు ఎదురు దిశలోను, దక్షిణార్ధగోళములో ముల్లు తిరిగే దిశలోను తిరుగుతున్నట్లు తేలినది. 1838లో ఆయన దీనినంతా తుపానుల నియమమును గూర్చిన గ్రంథముగా వెలువరించాడు.

ఇప్పుడు బార్బడోసు రాత్రిని అర్థము చేసుకోవచ్చును. ఉత్తరార్ధగోళములో గాలికి వీపు పెట్టి నిలబడితే తుపాను కేంద్రము ఇంచుమించుగా ఎడమచేతి వైపున ఉంటుంది. ఉత్తరపుగాలికి వీపు పెడితే ఎడమచేయి తూర్పున ఉంటుంది: కేంద్రము ఇంకా రావలసి ఉన్నది. వాయవ్యపుగాలికి ఎడమచేయి ఈశాన్యమును చూపుతుంది: కేంద్రము దగ్గరకు వచ్చినది. నైఋతిగాలికి వాయవ్యమును చూపుతుంది: కేంద్రము దాటిపోతున్నది. అనగా తుపాను కేంద్రము ద్వీపమునకు ఉత్తరపు ప్రక్కగా పడమటికి సాగినదన్నమాట. ఉపాధ్యాయులు తరగతిలో నేలమీద వలయము గీచి, ఒక విద్యార్థిని నిలబెట్టి, వలయమును జరుపుతూ దీనిని చూపవచ్చును.

మరొక సంగతి కూడ తేలినది. సుడిలోని గాలివేగము వేరు, సుడి నడిచే వేగము వేరు. బార్బడోసును కొట్టిన తుపాను మెక్సికో సింధుశాఖ ఉత్తరతీరము చేరడానికి ఆరు దినములు పట్టినది. అనగా గంటకు సుమారు 15 మైళ్ళు. అంత నెమ్మదిగా వచ్చేదానిని గూర్చి ముందుగా చెప్పవచ్చునుగదా!

కోరంగికి సంబంధము

రీడ్ గ్రంథము కలకత్తా చేరినది. అక్కడ మాజీ నావికుడైన హెన్రీ పిడింగ్టన్ దానిని చదివి, బంగాళాఖాతపు తుపానులను అదే పద్ధతిలో పరిశీలించసాగాడు. 1845లో మారిషస్ దగ్గర చార్లెస్ హెడిల్ అనే ఓడ గాలివాలున పరుగెత్తి, తుపాను చుట్టూ అయిదు ప్రదక్షిణములు చేసిన సంగతిని ఆయన పటము గీచి చూపాడు. 1848లో వెలువడిన తన పుస్తకములో, గోదావరి ముఖద్వారమున ఉన్న మన కోరంగి 1789 డిసెంబరులో మూడు మహాతరంగములకు గురియై నాశనమయిన వృత్తాంతమును చేర్చాడు. చుట్టలు చుట్టుకొన్న పామును తలపించే గ్రీకు మాటనుండి 'సైక్లోన్' అనే పేరును కల్పించినది కూడ ఆయనే. నేడు మనము రేడియోలో వినే ఈ మాటకు వెనుక బార్బడోసు శిథిలములు ఉన్నవి.

రీడ్ తరువాత గవర్నరుగా బార్బడోసుకు తిరిగివచ్చి, 1847లో వాయుపీడనమును కొలిచే భారమితి సహాయముతో తుపాను హెచ్చరికలు చూపే ఏర్పాటు చేశాడు. 1955 సెప్టెంబరులో జానెట్ అనే హరికేను ద్వీపపు దక్షిణపు అంచును తాకినది. వేలమంది ఇండ్లు కోల్పోయారు. మరణములు మాత్రము కొన్ని పదులతో ఆగినవి. తుపానులన్నీ ఒకే బలము కలవి కావు గనుక ఈ సంఖ్యలను సరిగా పోల్చలేము. కాని ముందుగా తెలిసిన మాటకు విలువ ఎంతో దీనినిబట్టి ఊహించవచ్చును.

హెచ్చరిక ఒక్కటే చాలదు. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు సుమారు పదివేలమంది మరణించారు. కేంద్రము ఎక్కడ ఉన్నదో శాస్త్రము చెబుతుంది. ఆ మాట గుడిసెలో ఉన్నవానికి వేళకు చేరవలెను, చేరినవానికి పోయి తలదాచుకోడానికి గట్టి కప్పు ఉండవలెను. తరువాతి కాలములో మన తీరము వెంబడి తుపాను రక్షణ భవనములు కట్టించినది ఇందుకే. వాటిలో చాల వరకు పాఠశాలలుగా కూడ ఉపయోగపడుతున్నవి. అటువంటి గదిలో కూర్చుండి ఈ పాఠము చదివే విద్యార్థి, గాలికి వీపు పెట్టి ఎడమచేయి చాచి చూపగలిగితే, రీడ్ పడిన శ్రమ మన ఊరివరకు చేరినట్లే.