రాధ కోపం రాసిన కవయిత్రి

పోయినేడాది నేనొక కథ రాశాను. అందులో అమ్మాయే ముందుగా తన ఇష్టం చెబుతుంది. బ్రూక్‌ఫీల్డ్‌లో మా ఇంటికొచ్చిన బంధువు ఒకాయన అది చదివి, "ఆడపిల్ల రాయాల్సిన కథేనా ఇది?" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. నోట్‌బుక్ మూసేశాను. ఈ ఏడాది చరిత్ర వ్యాసం కోసం చదువుతుంటే, ఇలాంటి మాట మన సాహిత్యంలో ఎప్పుడో అన్నారని తెలిసింది.

16వ శతాబ్దంలో నంది తిమ్మన గారు పారిజాతాపహరణం రాశారు. అందులో అలిగిన సత్యభామ, కాళ్ల మీద పడిన కృష్ణుడి తలను ఎడమ కాలితో తోసేస్తుంది. ఆ కావ్యం శ్రీకృష్ణదేవరాయలకే అంకితమైంది. పండితులు ఇప్పటికీ మెచ్చుకుంటారు.

18వ శతాబ్దంలో తంజావూరు రాజు ప్రతాపసింహుడి కొలువులో ముద్దుపళని అనే కవయిత్రి ఉండేవారు. ఆమె రాధికా సాంత్వనం రాశారు. అది శృంగార కావ్యం కాబట్టి మా టీచరు కథ వరకే చెప్పారు. రాధ తాను పెంచిన ఇళను కృష్ణుడికిచ్చి పెళ్లి చేస్తుంది. తర్వాత ఓర్చుకోలేక కోప్పడుతుంది. చివరికి కృష్ణుడే వచ్చి ఆమెను ఓదారుస్తాడు.

కందుకూరి వీరేశలింగం గారు ఆడపిల్లల చదువు కోసం, వితంతు వివాహాల కోసం పోరాడిన గొప్పవారు. అలాంటి ఆయన కూడా స్త్రీ ఇలాంటివి రాయడం తగదన్నారు.

దానికి జవాబు చెప్పింది బెంగళూరు నాగరత్నమ్మ గారు. 1878లో నంజనగూడులో పుట్టిన ఈ గాయని పేరులోనే మన ఊరుంది. ఆమె పాత ప్రతి సంపాదించి, పద్యాలేవీ తీసేయకుండా 1910లో అచ్చు వేయించారు. సిగ్గు ఆడవాళ్లకేనా, మగవాళ్లకు అక్కర్లేదా అని నిలదీశారు. కొద్దికాలానికే బ్రిటిష్ ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. ముప్పై ఏళ్లు దాటాక టంగుటూరి ప్రకాశం పంతులు గారి చొరవతో నిషేధం పోయింది. నాగరత్నమ్మ గారు 1952 దాకా బతికారు. కాబట్టి తన గెలుపు తానే చూసుకున్నారు.

సత్యభామకూ కోపమొచ్చింది, రాధకూ కోపమొచ్చింది. ఒకరి కోపం మగవాడు రాశాడు, ఇంకొకరిది ఆడమనిషి రాసింది. తప్పు పట్టింది మాత్రం రెండోదాన్నే. ఇప్పుడు నేను ఏ ప్రేమకథ చదివినా, సినిమా చూసినా, ఆ అమ్మాయి మాటలు ఎవరు రాశారా అని ముందు పేరు చూస్తున్నాను.

నోట్‌బుక్ మళ్లీ తీశాను. కథ ఇంకా రెండు పేజీలు మిగిలుంది. పూర్తయ్యాక మొదట ఆ బంధువుకే చదవమని ఇస్తాను.