గాలము వృత్తియైన కథ

చేపలు పట్టి జీవించువారిని మన మెఱుగుదుము. పందెమునకై చేపలు పట్టి జీవించువారి చరిత్రమును నేను మనవి చేసెదను.

1967వ సంవత్సరమున అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రమందు, బీవరు సరస్సున, రే స్కాట్ అను బీమా ఏజంటు ‘బాస్’ అను మంచినీటి చేపకై పోటీ నేర్పఱచెను. ప్రవేశరుసుము తలకు 100 డాలర్లు. వచ్చినవారు 106 మంది. మఱుసటి యేఁట సంఘము వెలసెను. 1971లో మీడు సరస్సున బాబీ ముర్రే 10,000 డాలర్లు గెలిచెను.

ఈ వృత్తిలో జీతము లేదు. రుసుము ముందు, ఫలము పిమ్మట. చిన్న పోటీలలో నెగ్గి, నీటి లోతును, ఎండను, గాలిని గుర్తెఱుఁగ నేర్చినవాఁడే నిలుచును.

అయితే పందెగాండ్రు పెరిగినకొలఁది సరస్సులు వట్టిపోవునను భయము కలిగెను. అందుచే 1972లో స్కాట్, పట్టిన చేపను ప్రాణముతోఁ దూచి మరల నీట విడుచు పద్ధతిని పోటీలలో ప్రవేశపెట్టెను.

తనకుఁ గూడు పెట్టు నీటిని గాపాడుకొన్న వృత్తియే నిలుచునని నేను తలంచుచున్నాను.