‘పెండాస్ ఫెన్’: ఒక టెలివిజన్ చిత్రపు ఆదరణ చరిత్ర

1974 మార్చి 21న బి.బి.సి. ‘ప్లే ఫర్ టుడే’ శీర్షికన ప్రసారమైన ‘పెండాస్ ఫెన్’ సంఘటనల కంటె అంతర్మథనానికే ప్రాధాన్యమిచ్చిన చిత్రం. రచన డేవిడ్ రడ్కిన్‌ది, దర్శకత్వం అలన్ క్లార్క్‌ది. మాల్వెర్న్ కొండల చెంత పెరిగిన మతాచార్యుని కుమారుడు స్టీఫెన్ తన విశ్వాసాన్ని, దేశాభిమానాన్ని, లైంగికతను ప్రశ్నించుకొంటాడు. దేవదూత, ఏనాడో మరణించిన సంగీతకర్త ఎల్గార్, చివరకు క్రైస్తవేతర రాజు పెండా అతనికి దర్శనమిస్తారు.

దీనిని దుర్బోధమని తోసిపుచ్చడం తొందరపాటే. ఇళ్లలో వీడియో రికార్డర్లు దాదాపు లేని ఆ కాలంలో, కోరినప్పుడు మళ్లీ చూసుకొనే వీలు ప్రేక్షకునికి లేదు. పునఃపఠనాన్ని కోరే కృతికి ఇది తీరని లోటు. 1990లో ఛానల్ 4 దీనిని మళ్లీ ప్రసారం చేసింది. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ డిస్కు 2016లో గాని వెలువడలేదు.