అప్‌లోడ్ జిల్లా

డిసెంబరు వచ్చిందంటే మా ఆఫీసులో రెండు పనులు తప్పవు. ఒకటి, "ఈ ఏడాది నేను సాధించినవి" అంటూ అప్రైజల్ ఫారం నింపడం. రెండోది, ఎవరో ఒకరు ఫార్వర్డ్ చేసిన "వచ్చే ఏడాది టాప్ టెన్ టెక్నాలజీలు" లిస్టు చదివి, అందులో మనకి రానివి ఎన్నున్నాయో లెక్కపెట్టుకుని భయపడటం. ఇలాంటి లిస్టులు రాసేవాళ్ళని చూస్తే నాకు మా విజయనగరం గిరీశమే గుర్తొస్తాడు. శిష్యుడికి చుట్ట కాల్చడం నేర్పుతూ లోకంలో ఉన్న ప్రతి విషయం మీదా లెక్చరిచ్చిన మహానుభావుడు. ఇప్పుడుండి ఉంటే లక్షమంది ఫాలోయర్లు గ్యారంటీ.

అయినా ఈసారి నేనూ ఒక లిస్టు రాద్దామని కూర్చున్నాను. ఎందుకంటే మొన్న నాన్న ఫోన్ చేసి ఒక ప్రశ్న అడిగారు.

"ఏరా, వైజాగుకి గూగుల్ వొస్తందట. గది కాళీ సేయించేయమంటావా?"

గది సంగతి చెప్పాలి. 2020లో లాక్‌డౌన్ సడలించగానే ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని టెక్కలి దగ్గర మా ఊరికి చేరుకున్నాను. అప్పటికి ఉద్యోగంలో చేరి ఏడాదైంది, అంతే. మా ఇంట్లో సిగ్నల్ డాబా మీద మాత్రమే అందేది. గొడుగు కింద కూర్చుని స్టాండప్ కాల్స్ మాట్లాడుతుంటే కొబ్బరిచెట్టు మీద కాకులు కూడా మీటింగులో పాల్గొనేవి. ఆ ఊపులో నాన్నకి జోస్యం చెప్పేశాను: "ఇంక ఐటీ అంటే ఇదే నాన్నా. ఎక్కడుంటే అక్కడే ఆఫీసు." "అయితే ఇంక ఎల్లక్కర్లేదేటి?" అన్నారు. "అక్కర్లేదు" అన్నాను. ఆ ఏడు జీడిపిక్కలు అమ్మిన డబ్బుతో నాన్న డాబా మీద గది వేయించారు, ఇన్వర్టర్ పెట్టించారు. 2022లో కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది, ఆఫీసుకి రమ్మని. ఆ గదిలో ఇప్పుడు ధాన్యం బస్తాలున్నాయి.

నా జోస్యం ఎక్కడ తప్పిందా అని చాలాసార్లు ఆలోచించాను. టెక్నాలజీ విషయంలో తప్పలేదు. క్లౌడ్, వీడియో కాల్స్, ఫైబర్ అన్నీ బ్రహ్మాండంగా పనిచేశాయి. నేను చూసుకోనిది దిశ. నెట్ కనెక్షన్‌కి రెండు వేగాలుంటాయి కదా, అప్‌లోడ్, డౌన్‌లోడ్. మామూలుగా డౌన్‌లోడే ఎక్కువ. మా జిల్లాలది రివర్సు. నూట పాతికేళ్ళకి పైగా ఏ టెక్నాలజీ వచ్చినా మా దగ్గర ముందు పెరిగింది అప్‌లోడ్ వేగమే. అప్‌లోడ్ అయ్యేది మనుషులు.

మొదట స్టీమర్. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖ రేవుల్లో ఆగే స్టీమర్లు మనవాళ్ళని రంగూన్‌కి మోసుకెళ్ళాయి. అక్కడ రేవు కూలీలు, రిక్షా లాగేవాళ్ళు, రైస్ మిల్లుల్లో పనివాళ్ళు చాలామంది తెలుగువాళ్ళే. 1930 మే నెలలో రేవు పని దగ్గర బర్మా కూలీలకీ తెలుగు కూలీలకీ మొదలైన గొడవ పెద్ద అల్లర్లకి దారితీసింది. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక, ఓడలో చోటు దొరకనివాళ్ళు అడవుల్లో నడిచి వచ్చారు. దారిలో పోయినవాళ్ళు పోయారు. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేరు ఊరికే రాలేదు.

తర్వాత రైలు. బెజవాడ నుంచి కటక్ దాకా ఈస్ట్ కోస్ట్ లైను 1893-96 మధ్య ముక్కలు ముక్కలుగా తెరుచుకుంది. తమాషా ఏంటంటే, అది శ్రీకాకుళం ఊళ్ళోకి రాలేదు, ఆమదాలవలస మీంచి పోయింది. అందుకే మాది ఇప్పటికీ "శ్రీకాకుళం రోడ్" స్టేషను! 1902లో వాల్తేరు నుంచి కటక్ దాకా ఉన్న భాగం బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వెళ్ళింది. అసలు కథ ఇక్కడుంది. ఆ కంపెనీ పెద్ద వర్క్‌షాపు ఖరగ్‌పూర్‌లో పెట్టింది. మన ఊరూ, ఆ వర్క్‌షాపూ ఒకే కంపెనీ పట్టాల మీద పడ్డాయి. ఇంకేముంది, ఊళ్ళకి ఊళ్ళు రైలెక్కాయి. ఖరగ్‌పూర్‌లో తెలుగు బడులు, గుడులు, మూడు నాలుగు తరాల తెలుగు కుటుంబాలు అలా వచ్చినవే. మా తాత కూడా అక్కడ ఖలాసీగా చేరి, రిటైరయ్యాకే ఊరికి వచ్చాడు. హోమ్‌సిక్‌నెస్ అనే మాట ఆయనకి తెలీదు. "ఇల్లు గుర్తొస్తే స్టేషనుకెళ్ళి మెడ్రాస్ మెయిలు సూసీవోణ్ణి" అనేవాడు.

ఇక మన టెక్నాలజీ, కంప్యూటర్. 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభం. 1999లో "విజన్ 2020" అని రాష్ట్రమంతటికీ ఒక పెద్ద జోస్యం. (2020లో నిజంగా ఏమొచ్చిందో మీకు తెలుసు.) మా వైపు 1997లో రాజాంలో జీఎంఆర్ ఐటీ, విజయనగరంలో ఎంవీజీఆర్, 2001లో టెక్కలిలో ఐతమ్ మొదలయ్యాయి. తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంటు తోడైంది. నాలుగేళ్ళు ఇక్కడ చదవడం, అమీర్‌పేటలో మూణ్ణెల్ల కోర్సు, ఆపైన గచ్చిబౌలి, బెంగళూరు, డల్లాస్. మా బ్యాచ్‌లో ఊళ్ళో మిగిలినవాడు ఒక్కడే, వాడు మీసేవ నడుపుతున్నాడు. మేమంతా ఆన్‌సైట్ గురించి మాట్లాడుకుంటుంటే వాడు నవ్వి ఊరుకుంటాడు.

ఇదంతా ఏడుపు అనుకోకండి. అప్‌లోడ్ వల్లే మా ఇళ్ళకి స్లాబులు పడ్డాయి, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు అయ్యాయి. నేను చెప్పొచ్చేదేంటంటే, మావైపు టెక్నాలజీ వచ్చినప్పుడల్లా "ఇంక ఇక్కడే" అనుకోవడం, చివరికి "ఇక్కణ్ణుంచి" అని తేలడం మామూలే.

దీనికి నాకు కనిపించిన గట్టి మినహాయింపు ఒకటుంది, తుఫాను హెచ్చరిక. దేశంలో మొదటి తుఫాను రాడార్ 1970లో విశాఖలోనే పెట్టారు. 2006లో డాప్లర్ రాడార్ వచ్చింది. 1977లో దివిసీమ ఉప్పెనకి అధికారిక లెక్కల్లోనే దాదాపు పదివేలమంది పోయారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మా వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టం అయ్యాయి, రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. కానీ ప్రాణనష్టం 1977తో పోల్చడానికి లేదు. ఊరు వదలని మనిషి కోసం పనిచేసిన టెక్నాలజీ ఇది. పైగా అదే అసలైన జోస్యం. తప్పితే లెక్క సరిచేసుకుని మళ్ళీ చెబుతుంది. మనలా మర్నాడు కొత్త లిస్టు వేసుకోదు.

సరే, ఇప్పుడు నా జోస్యాలు. తప్పితే వచ్చే డిసెంబరులో నన్నే అడగండి.

1. ఏఐ. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినప్పుడు "కోడ్ రాయడమేగా, డిజైన్ మనదే" అనుకున్నాం. 2025లో టీసీఎస్ సుమారు 12 వేల ఉద్యోగాలు తీసేస్తున్నట్టు ప్రకటించింది. ఆ కంపెనీ దానికి చెప్పిన కారణం ఏఐ కాదు, నిజమే. నా భయం సీనియర్ల గురించి కాదు. బగ్ ఫిక్సులు, టెస్ట్ కేసులు లాంటి చిన్న పనులు చేస్తూనే మనమందరం పని నేర్చుకున్నాం. ఇప్పుడు ఆ చిన్న పనులే మెషిన్ చేస్తోంది. రాజాం, టెక్కలి కాలేజీల్లో వందల్లో జరిగే క్యాంపస్ సెలక్షన్లు వచ్చే ఏడాది కూడా పాత స్థాయికి రావని నా లెక్క. అంటే మొదటిసారి అప్‌లోడ్ దారే ఇరుకవుతోంది. డౌన్‌లోడ్ పెరగకుండా అప్‌లోడ్ కూడా తగ్గితే ఏమవుతుందన్నది ఏ టాప్ టెన్ లిస్టులోనూ లేదు.

2. డేటా సెంటర్. 2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖలో 5 ఏళ్ళలో 1,500 కోట్ల డాలర్లు పెడతానంది. మంచిదే. సముద్రం కింది కేబుల్ మన తీరానికే వస్తుంది. కానీ డేటా సెంటర్ కడుతున్నప్పుడు తాపీమేస్త్రీలకి, ఎలక్ట్రీషియన్లకి బోలెడు పని, కట్టాక లోపల ఉండేది సర్వర్లు. గిగావాట్ల కరెంటు తాగే భవనానికి మనుషులు అంతగా అక్కర్లేదు. డేటా డౌన్‌లోడ్ అవుతుంది, మనిషి కాదు. పక్కన టీసీఎస్, కాగ్నిజెంట్‌లకి 99 పైసలకి ఎకరం లెక్కన ఇచ్చిన భూముల్లో ఎన్ని సీట్లు నిండుతాయన్నదే నేను చూసే అంకె.

3. విమానాశ్రయం. భోగాపురానికి 2019లో ఒక శంకుస్థాపన, 2023లో ఇంకోటి. కట్టే జీఎంఆర్ మనిషి రాజాం వాడు, జనపనార మిల్లుతో మొదలైనవాడు. హైదరాబాదుకి, ఢిల్లీకి కట్టాకే సొంతగడ్డకి వచ్చాడు. విమానాలు ఎగరడం మొదలైనా మొదటి ఏళ్ళలో అది ఎక్కువగా వెళ్ళేవాళ్ళకే పనికొస్తుందని నా పందెం.

4. మాట్లాడే తెలుగు మెషిన్లు. 2025 జనవరిలో 161 సేవలతో వాట్సాప్‌లో "మన మిత్ర" వచ్చింది. ఇక ముందు అమ్మ టైపు చేయక్కర్లేదు, మాట్లాడితే చాలు. కానీ "ఏటి, ఎక్కడికెల్నావు" అంటే ఆ మెషిన్‌కి అర్థం కావాలిగా! మా యాస రికార్డింగులు దానికి ఎవరూ ఇవ్వకపోతే అది ఎప్పటికీ న్యూస్ రీడర్ తెలుగే మాట్లాడుతుంది. వీకెండ్‌లో చేయగలిగిన పని ఇది, చేయాల్సినవాళ్ళం మనమే.

5. అక్టోబరులో వాయుగుండం పడుతుంది. టవర్లు పడిపోతాయి, యూపీఐ ఆగిపోతుంది, చిల్లర కావాలి. దీనికి మాత్రం పందెం అక్కర్లేదు.

ఏడాదిలో మా జిల్లాల డౌన్‌లోడ్ వేగం అప్‌లోడ్‌ని మించేది ఒక్క సంక్రాంతికే. ఫలక్‌నుమాలో బెర్తు కోసం 60 రోజుల ముందు పొద్దున్న 8 గంటలకి వేలు స్క్రీను మీద పెట్టుకుని కూర్చున్నాను. వెయిటింగ్ లిస్ట్ 94. అయినా వెళ్తాను.

నాన్నకి జవాబు కూడా చెప్పేశాను. "బస్తాలు అక్కడే ఉండనీ నాన్నా. ఇన్వర్టర్‌కి మాత్రం కొత్త బ్యాటరీ వేయించు. అక్టోబరులో పనికొస్తుంది."

కాసేపు ఏమీ అనలేదు. "సరే, నువ్వొచ్చినాక ఏయిద్దాం" అన్నారు.